జింక్ క్యాప్సూల్స్ వేసుకుంటే ఇన్సులిన్ పెరుగుతుందా?

ప్రశ్న: నా వయసు 54. షుగర్ వచ్చి ఎనిమిదేళ్లయింది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 8.2 ఉంది. జింక్, క్రోమియం వేసుకుంటే క్లోమం మళ్లీ ఇన్సులిన్ తయారు చేస్తుందని స్నేహితుడు చెప్పాడు. ఏడాదిగా రోజూ 50 మి.గ్రా. జింక్ వేసుకుంటున్నాను. గ్లిమిపిరైడ్ మానేయొచ్చా? ఈమధ్య అరికాళ్లలో తిమ్మిర్లు ఎక్కువయ్యాయి.
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: గ్లిమిపిరైడ్ మానకండి. 8.2 అంటే షుగర్ ఇంకా అదుపులోకి రాలేదు. ఇప్పుడు మాత్ర ఆపితే మరింత పెరుగుతుంది.

మీ స్నేహితుడి మాటలో కొంత నిజం లేకపోలేదు. క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను తయారు చేసి చిన్న చిన్న సంచుల్లో దాచుకుంటాయి. ఆ సంచుల్లో ఆరేసి ఇన్సులిన్ అణువులు రెండు జింక్ అయాన్ల చుట్టూ కట్టగా ఉంటాయి. మనం అన్నం తిన్నాక రక్తంలో గ్లూకోజ్ పెరగగానే సంచి తెరుచుకుంటుంది, కట్ట విడిపోయి ఇన్సులిన్ రక్తంలో కలుస్తుంది. జింక్‌ను సంచిలోకి చేరవేసే పని జింక్-టీ8 అనే ప్రోటీన్‌ది. అలాగని జింక్ ఎంత ఎక్కువైతే ఇన్సులిన్ అంత ఎక్కువ వస్తుందనుకోకూడదు. ఈ ప్రోటీన్‌ను తయారు చేసే జన్యువు ఒక కాపీ పనిచేయని వారిలో టైప్-2 షుగర్ ముప్పు తక్కువని 2014లో తేలింది! జింక్ లోపం ఉంటే సరిచేయాలి. షుగర్ ఉన్నవారికి మూత్రంలో జింక్ కాస్త ఎక్కువగానే పోతుంది. లోపం లేనివారు అదనంగా మింగితే క్లోమం కోలుకోదు. ఇక క్రోమియం గురించి చెబుతున్నది ఇన్సులిన్ పనితీరు గురించే, ఉత్పత్తి గురించి కాదు. షుగర్ తగ్గడానికి దాన్ని అందరూ వాడాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా చెప్పడం లేదు.

నాకు టెన్షన్ పెడుతున్నది మీ తిమ్మిర్లు. జింక్ మోతాదు మించితే పేగులు రాగిని సరిగా పీల్చుకోలేవు. రాగి తగ్గితే రక్తహీనత వస్తుంది, నరాలు దెబ్బతింటాయి, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. పెద్దవాళ్లకు రోజుకు 40 మి.గ్రా. గరిష్ఠ పరిమితి. మీరు ఏడాదిగా దాన్ని దాటారు. పైగా మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు, అప్పుడూ ఇవే తిమ్మిర్లు. షుగర్ వల్ల వచ్చేవీ ఇలాగే ఉంటాయి. కాబట్టి ‘షుగర్ తిమ్మిర్లేలే’ అని వదిలేయకండి. జింక్ ఈరోజే ఆపండి. సీబీసీ (రక్తకణాల లెక్క), బీ12, రక్తంలో రాగి, జింక్ పరీక్షలు చేయించి, రిపోర్టులతో మీ డాక్టర్‌ను కలవండి. షుగర్ మందులు మార్చాలా అన్నదీ అప్పుడే అడగండి.

ఐరన్ మాత్రలు కూడా పరీక్ష లేకుండా వేసుకోకండి. తరచూ రక్తం ఎక్కించుకునే తలసీమియా పిల్లల్లో ఐరన్ క్లోమంలో పేరుకుని ఇన్సులిన్ తగ్గిపోవడం మేం చూస్తూనే ఉంటాం.

జింక్ మీకు తిండిలోనే దొరుకుతుంది. నువ్వులు, గుమ్మడి గింజలు, శనగలు, గుడ్లు, మాంసం తినండి. శనగలు, పెసలు నానబెట్టి మొలకెత్తిస్తే వాటిలోని జింక్ ఒంటికి బాగా పడుతుంది.

అరికాళ్లు రోజూ చూసుకోండి. నడుస్తుంటే తూలినట్టు అనిపిస్తే రిపోర్టుల కోసం ఆగకుండా న్యూరాలజిస్ట్‌ దగ్గరికి వెళ్లండి.