నెలసరి ఆగాక పొట్ట ఎందుకు పెరుగుతుంది?

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. నెలసరి ఆగి ఏడాదైంది. తిండి పెంచలేదు, రాత్రి అన్నం మానేసి చపాతీలే తింటున్నాను. అయినా పొట్ట పెరుగుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నెలసరి ఆగే వయసులో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ తగ్గుతుంది. అది తగ్గాక కొవ్వు తొడల దగ్గర కాకుండా పొట్టలో చేరుతుందమ్మా. వయసుతో కండ కూడా తగ్గుతుంది కాబట్టి, పాత తిండే ఇప్పుడు ఎక్కువవుతుంది. నూనె వేసి కాల్చిన మూడు చపాతీలకూ కప్పున్నర అన్నానికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు. అన్నం మానక్కర్లేదు, కంచంలో పావు వంతు చాలు. సగం కూరలు, మిగతా పావు గట్టి పప్పో గుడ్డో ఉండాలి. నడక ఒక్కటే కండను నిలపదు. వారానికి రెండు రోజులైనా చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు చొప్పున మూడు విడతలు లేచి కూర్చోండి. మోకాళ్లు నొప్పెడితే ఎత్తు కుర్చీ వాడండి. ఊపిరి వదిలాక, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో నడుము చుట్టూ టేపు పెట్టి కొలవండి. 80 సెంటీమీటర్లు దాటితే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. థైరాయిడ్ కూడా ఒకసారి చూపించడం మంచిది.