తకా ఏడుపు ఎక్కడ?

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం అందింది. నన్ను మాస్టారూ అని సంబోధించావు కాబట్టి ఏకవచనంలోనే రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. ‘స్కూల్ బేబీసిట్టర్స్’ అనే జపాన్ యానిమే (బొమ్మల సీరియల్) మీద తెలుగులో ఇంత ఓపికగా రాశావు, భాష శుభ్రంగా ఉంది, అచ్చుతప్పులు లేవు. ఇంతకు మించి మెచ్చుకుంటే మిగతా ఉత్తరం చదవవేమోనని ఇక్కడితో ఆపుతున్నాను.

నాకు కోపం తెప్పించిన వాక్యం నీ రెండో పేజీలో ఉంది. ‘చైర్‌పర్సన్ పైకి కఠినాత్మురాలిలా కనిపించినా ఆమెలోనూ ఒక తల్లి హృదయం ఉంది’ అన్నావు. ఈ వాక్యాన్ని ఏ సినిమాలోని ఏ అత్తగారి గురించైనా రాసేయవచ్చు. అసలు అక్కడ ఏం జరిగిందో మళ్ళీ చూడు. విమాన ప్రమాదంలో తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న ర్యూయిచి అనే కుర్రాడికి, ఇంకా మాటలు సరిగా రాని తమ్ముడు కోతారో తప్ప ఎవరూ మిగల్లేదు. అదే ప్రమాదంలో కొడుకునూ కోడలినీ పోగొట్టుకున్న మోరినోమియా విద్యాసంస్థ అధినేత్రి ఆ అన్నదమ్ములకు నీడ ఇస్తానంది. ఊరికే ఇస్తాననలేదు, తన బడిలో పనిచేసే ఉపాధ్యాయినుల పసిపిల్లలను చూసుకునే బేబీసిట్టర్ క్లబ్‌లో ర్యూయిచి పనిచేయాలని షరతు పెట్టింది. నువ్వు ఆ షరతును ఒక్క అంగలో దాటేసి ఆవిడ హృదయం దగ్గరకు పరుగెత్తావు. కథ ఉన్నదంతా ఆ షరతులోనే. కడుపుకోతతో ఉన్న ముసలావిడ, దిక్కులేని కుర్రాడికి ఓదార్పు మాటలు చెప్పకుండా పని చెప్పింది. ఆ పని లేకపోతే వాడు ఆ ఇంట్లో దయాధర్మం మీద బతుకుతున్నవాడయ్యేవాడు. పని ఉండబట్టి తలెత్తుకుని తిరిగాడు.

నేను చాలా కాలంగా పట్టుకుని వేలాడుతున్న మాట ఒకటి ఉంది, మా ఇంట్లోవాళ్ళు కూడా విని విని విసిగిపోయారు. పిల్లల పెంపకం గురించి రాసేవాళ్ళు ప్రేమ గురించి రాయకూడదు, చాకిరీ గురించి రాయాలి. ఎవరు లేపారు, ఎవరు కడిగారు, ఎవరు తినిపించారు, అది చేస్తున్నంతసేపూ ఆ చేసేవాళ్ళ ఏ పని ఆగిపోయింది, ఇవి రాస్తే చాలు. ప్రేమ సంగతి పాఠకుడు చూసుకుంటాడు.

జపాన్‌వాళ్ళలో ఈ విషయం బాగా తెలిసినవాళ్ళు ఉన్నారు. 2004లో 26 భాగాలుగా వచ్చిన ‘ఐషితెరుజె బేబీ’ చూశావా? అందులో కిప్పే అనే 17 ఏళ్ళ కుర్రాడు బడిలో ఆడపిల్లల వెంట తిరగడం తప్ప మరో పని ఎరగనివాడు. తల్లి వదిలి వెళ్ళిపోయిన 5 ఏళ్ళ యుజుయు బాధ్యతను వాడి అక్క వాడి నెత్తిన పెడుతుంది. ఇంటి నిండా మనుషులున్నా పిల్ల మాత్రం వాడిదే. పొద్దున్నే లేచి పిల్ల కోసం లంచ్ బాక్స్ సర్దాలి, కిండర్‌గార్టెన్‌లో దింపాలి, సాయంత్రం వేళకు వెళ్ళి తీసుకురావాలి. కుర్రాడు మారిపోయాడని ఎవరూ ఉపన్యసించనక్కరలేదు, ఆ డబ్బా చూస్తే తెలుస్తుంది. 2011లో వచ్చిన ‘ఉసాగి డ్రాప్’లో పెంచేవాడు కుర్రాడు కాడు, 30 ఏళ్ళ ఉద్యోగి దైకిచి. తన తాతగారు పోయాక దిక్కులేని 6 ఏళ్ళ రిన్‌ను ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ పిల్ల కోసం అతడు చేసిన అసలైన త్యాగం ఏమిటంటే, ఓవర్‌టైమ్ లేని విభాగానికి బదిలీ అడిగి పుచ్చుకోవడం. ఇంత పొడిగా ఉన్న సంగతిని కథ మధ్యలో పెట్టడానికి ధైర్యం కావాలి.

ఆ ధైర్యం మన పత్రికల్లో చెల్లదని నాకు మొదటి కథతోనే తెలిసింది. నేను డిగ్రీ చదువుతుండగా మా అక్క రెండో కానుపుకు వచ్చి, మూడేళ్ళ పెద్దవాణ్ణి నాకు అప్పగించింది. వాడు పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టించుకునేవాడు, మింగేవాడు కాదు, బుగ్గన పెట్టుకుని కూర్చునేవాడు. కాకి అయిపోయేది, పిచ్చుక అయిపోయేది, గోడ మీది బల్లి కూడా అయిపోయేది, ముద్ద మాత్రం అక్కడే ఉండేది. వేలితో బుగ్గను నొక్కి చూస్తే గట్టిగా తగిలేది. అవతల పరీక్షకు వెళ్ళాల్సిన బస్సు హారన్ కొడుతుండేది. ఆ బుగ్గ మీదనే కథ రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు దాన్ని వేసుకున్నాడు గానీ, అన్నం ముద్ద పేరా మొత్తం ఎత్తేసి, చివర పిల్లవాడు ‘మామయ్యా’ అంటూ నా మెడ చుట్టూ చేతులు వేసే వాక్యం ఒకటి తనే చేర్చాడు. ‘పాఠకుడు కరగాలి గదండీ’ అని కార్డు ముక్క కూడా రాశాడు. కథ బాగుందంటూ వచ్చిన ఉత్తరాలన్నీ నేను రాయని ఆ వాక్యాన్నే మెచ్చుకున్నాయి. ఆయన పోయి చాలా కాలమైంది, నా కోపం మాత్రం పోలేదు. ఇప్పుడు కార్డులు లేవు గానీ, ‘ఫీల్ గుడ్‌గా ఉండాలి సార్, ఎమోషన్ కనెక్ట్ కావాలి’ అని ఫోన్లో చెప్పే కుర్ర సంపాదకులంతా ఆయన వారసులే. నీ వ్యాసం నిండా పరుచుకున్న ‘హృద్యం’, ‘కంటతడి’, ‘మనసును మెలిపెట్టే’ అన్న మాటలు చదువుతుంటే వాళ్ళు నీ చెవిలో కూడా ఊదారనిపించింది.

ఇక తకా సంగతి. కోతారో బుగ్గల గురించి, గుండ్రటి కళ్ళ గురించి, బుడిబుడి అడుగుల గురించి పేజీన్నర రాశావు. ఆ గదిలోనే గొంతు చించుకుని అరిచే తకా నీ వ్యాసంలో ఎందుకు లేడు? వాడి అన్న హయతో, ర్యూయిచి ఈడువాడే, విసుగొస్తే తమ్ముడి నెత్తిన ఒక్కటిస్తాడు. పిల్లలను చూడాల్సిన ఉసైదా ఆ గోలలోనే పడుకుని నిద్రపోతుంటాడు. వీళ్ళను వదిలేశావంటే, హాయిగా చదువుకునే వ్యాసంలో దెబ్బలూ ఏడుపులూ ఎందుకని అనుకుని ఉంటావు. నా మటుకు నాకు కోతారో మీదే ఫిర్యాదు ఉంది. వాడు మరీ బుద్ధిమంతుడు. ఏ అర్ధరాత్రీ లేచి అమ్మ కావాలని ఇల్లు పీకి పందిరి వేయడు, అన్నను కష్టపెట్టకుండా తనలో తానే దిగమింగుకుంటాడు. అంత చిన్నవాడికి అంత విజ్ఞత ఉంటే పెంచేవాడి పని తేలికైపోతుంది, కథ కూడా పల్చనవుతుంది. మొదటి భాగంలో వాడు జ్వరంతో పడిపోయి, అంతవరకూ నిబ్బరంగా ఉన్న ర్యూయిచి కాళ్ళూ చేతులూ ఆడక నిలబడిపోయినప్పుడే నాకు ఆ ఇల్లు నిజమనిపించింది. హయతోనూ ర్యూయిచినీ పక్కపక్కన పెట్టి చూడు. ఒకడు తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనలేడు, అంటే వాడికింకెవరున్నారన్న భయం. రెండోవాడు మొట్టగలడు, ఎందుకంటే సాయంత్రానికి తకాను ఎత్తుకునే తల్లి ఆ బడిలోనే పాఠం చెబుతోంది. నీ వ్యాసానికి అవసరమైన పేరా ఇదే.

బడిలోనే శిశుసంరక్షణ గది ఉండటం వట్టి కల్పన కదా అని అడిగావు. ఆ గది పుట్టించిన అవసరం కల్పన కాదు. ఈ కథకు మూలమైన, హరి తొకెయినో గీసిన మాంగా (బొమ్మల కథ) 2009లో మొదలైంది, యానిమే 2018 జనవరి నుంచి 12 భాగాలుగా వచ్చింది. ఈ నడుమ 2016లో, బిడ్డకు శిశుసంరక్షణ కేంద్రంలో సీటు దొరకలేదని ఒక తల్లి పేరు చెప్పకుండా ఇంటర్నెట్‌లో దేశాన్నే శాపనార్థాలు పెట్టింది, ఆ మాటలు జపాన్ పార్లమెంటులో చర్చకు వచ్చాయి. 2017 ఏప్రిల్ నాటి ప్రభుత్వ లెక్కలో సీటు కోసం ఎదురుచూస్తున్న పిల్లలు 26,081 మంది. అలాంటి దేశంలో ఉపాధ్యాయినులు బిడ్డలను కింది గదిలో దింపి నిశ్చింతగా పాఠం చెప్పుకోవడమనేది ఎంత పెద్ద కలో ఆలోచించు. ముచ్చటైన కథగా కనబడేది అప్పట్లో అక్కడి తల్లులకు తీరని కోరిక. ఇంకో సంగతి, ఆ కోరికను తీర్చే భారం కథలో ప్రభుత్వం మీద పడలేదు, ఒక అనాథ కుర్రాడి మీద పడింది. నాకు ఇది మింగుడుపడలేదు, నీకు ఎలా పడిందో రాయి.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. పైన చెప్పినదాన్ని బట్టి నన్ను అడగదగిన ప్రశ్న కాదది. మొదటి పేజీలో యానిమే అంటే ఏమిటో చెప్పిన పేరాలు తీసేయి, ఇది చదివేవాళ్ళకు తెలుసు. సబ్‌టైటిల్స్ నుంచి తెచ్చిన సంభాషణలను తగ్గించు. తకా పేరా రాసేటప్పుడు వాడి ఏడుపు వినసొంపుగా ఉండకుండా చూసుకో.

దీపావళి లోపు తిరగరాసి పంపగలిగితే వెంటనే చదువుతాను. ఆ తరువాత నాకు కంటి ఆపరేషన్ ఉంది, కొన్నాళ్ళు కాగితం ముట్టుకోనివ్వరు.

ఇట్లు,
మీ మాస్టారు