కొండదారుల్లో తిరిగే పాత ఫోర్ వీల్ జీపుకు ఎన్ని వేల కిలోమీటర్లకు ఒకసారి సర్వీసు చేయించాలి?

మీటరు చూసి సర్వీసు చేయిస్తానంటే మీ జీపు మూడు వానాకాలాలు దాటదు. మా వైపు బండికి కిలోమీటర్ల లెక్క పనికిరాదు. ఎన్ని గెడ్డల్లో దిగిందన్నదే లెక్క. వాగును మేం గెడ్డ అంటాం.

మాది ఒడిశాలోని రాయగడ. పద్నాలుగేళ్ళుగా పాత డీజిల్ జీపులో కిరాణా సరుకు వేసుకుని నారాయణపట్నం, బందుగాం వైపు సంతలకు తిరుగుతున్నాను. తిరుగు ప్రయాణంలో చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు వస్తాయి. ఇప్పుడు చాలా గెడ్డల మీద వంతెనలు పడ్డాయి. కానీ వంతెన ఉన్న ఊళ్ళోనే సంత జరగాలని ఎవరూ అనుకోరు కదా.

ఏడేళ్ళ కిందట శ్రావణమాసంలో ఒక సంతకు బయలుదేరేసరికే ఆలస్యమైంది. రాత్రంతా వాన. ఘాటు రోడ్డు మొత్తం చిన్న గేర్లో, బ్రేకు మీద కాలు తీయకుండా దిగాను. కింద గెడ్డ ఎర్రగా పారుతోంది. నాతో వచ్చే కుర్రాడు కర్ర పట్టుకుని అవతలి ఒడ్డు దాకా నడిచి వచ్చి, మోకాలి లోతే అన్నాడు. ఇంకేం, ఆగకుండా దింపేశాను. నీళ్ళు తగలగానే కింద నుంచి చుయ్‌మని ఆవిరి లేచింది. పెనం మీద నీళ్ళు చల్లినట్టుంది అని ఇద్దరం నవ్వుకున్నాం కూడా. ఉల్లిపాయలు అమ్ముకుని చీకటి పడేలోగా ఇల్లు చేరాం.

పది రోజులు ఏమీ లేదు. పదకొండో రోజు వేగం నలభై దాటగానే వెనక నుంచి సన్నగా ఏడుపు మొదలైంది. యాక్సిలరేటర్ వదిలితే శ్రుతి మారుతుంది, తొక్కితే మళ్ళీ పాత శ్రుతి. నేను చేసిన వైద్యం ఏమిటంటే, పాటల సౌండు పెంచడం. ఇంకో నాలుగు రోజులకు పాటలను కూడా మించిపోయింది.

మా మేస్త్రీ అరవై దాటిన ఒడియా పెద్దాయన, తెలుగు నాకంటే శుభ్రంగా మాట్లాడతారు. బండి కిందికి దూరి వెనక ఇరుసు మధ్య గేర్లుండే ఇనుప డబ్బా, అదే హౌసింగ్, దాని కింది ప్లగ్గు విప్పారు. నల్లగా, చిక్కగా, గంధకం వాసనతో రావలసిన గేర్ ఆయిల్ చోడి (రాగి) అంబలిలా జారింది. అదే బూడిద కలిసిన గోధుమ రంగు, అదే చిక్కదనం. బేరింగులు గుంటలు పడ్డాయి, క్రౌన్ అనే పెద్ద గేరు పళ్ళు అరిగాయి. మొత్తం పద్దెనిమిది వేలు వదిలింది. నాలుగు సంతలు పోయాయి.

నాకు కోపం ఆగలేదు. మోకాలి లోతు నీళ్ళకు, ఆయిల్ సీళ్ళు, అంటే ఆయిల్ కారకుండా ఆపే రింగులు, కొత్తవి వేసిన హౌసింగ్‌లోకి నీరెలా వెళ్తుందని వాదించాను. ఆయన ఏమీ అనకుండా నా టిఫిన్ డబ్బా తెమ్మన్నారు. పొద్దున మా ఆవిడ వేడి అన్నం పెట్టి మూత నొక్కిన స్టీలు డబ్బా. “తీయండి బాబూ” అన్నారు. ఎంత లాగినా రాలేదు. ఆయన స్క్రూడ్రైవర్ మొన అంచులో పెట్టి ఎత్తితే టప్పుమని ఊడింది. “మీ హౌసింగ్ చేసిందీ ఇదే. వేడిగా ఉన్నది ఒక్కసారిగా చల్లారింది, లోపలి గాలి ముడుచుకుంది, సందు దొరికిన చోట నుంచి నీళ్ళు లాక్కుంది.”

ఆ గాలి వచ్చిపోవడానికి హౌసింగ్ మీద బొటనవేలంత మూత ఒకటి ఉంటుంది, బ్రీదర్ అంటారు. నాది ఎర్రమట్టి పట్టి రాయిలా బిగుసుకుపోయింది. ఇక గాలికి దారి లేక సీళ్ళ పక్క నుంచే నీరు దూరింది.

ఆ రోజు నుంచి గెడ్డ కనిపించగానే బండి ఆపుతాను. హౌసింగ్ మీద అరచెయ్యి ఆన్చి ఉంచగలిగేంత చల్లారాకే దిగుతాను. సంత ఎక్కడికీ పోదు. బ్రీదర్ తీసేసి ఆ చోట రబ్బరు గొట్టం తగిలించి ఛాసిస్ పైదాకా ఎత్తి కట్టాను. వానాకాలంలో వారానికోసారి, రాత్రంతా నిలిచిన బండిని పొద్దున స్టార్టు చేయకముందే కింది ప్లగ్గు కొద్దిగా వదులు చేస్తాను. ఆయిల్ కంటే నీరు బరువు కాబట్టి అడుగున చేరి ముందు అదే కారుతుంది. అంబలి రంగు కనిపిస్తే మాత్రం బేరాలు లేవు, అంతా తీసేసి 90 నంబరు ఆయిల్ కొత్తది పోయడమే. ముందు చక్రాల ఇరుసు హౌసింగ్‌నూ ఇలాగే చూడండి, అందరూ మరిచిపోయేది దాన్నే. గెడ్డ దాటిన రోజు క్రాసులకు, అంటే చక్రాలకు శక్తినందించే షాఫ్టు కీళ్ళకు, గ్రీజు కొట్టాలి. పాత బురద గ్రీజు బయటికొచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టాలి. దాటిన వెంటనే బ్రేకు మెల్లగా నొక్కుతూ ఒక ఫర్లాంగు నడిపితే డ్రమ్ములు ఆరతాయి.

ఇక కుర్రాళ్ళ సంగతి. మజ్జిగౌరమ్మ గుడి ముందు కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడంలో ఉన్న శ్రద్ధలో పావు వంతు గ్రీజు గన్ను మీద లేదు. ఇంజను గాలి పీల్చే గొట్టాన్ని పైకప్పు దాకా ఎత్తిస్తారు. హౌసింగ్ గాలి పీల్చే చిల్లును బురదలోనే వదిలేస్తారు. పైగా తారురోడ్డు మీద ఫోర్ వీల్ లివరు వేసుకుని దర్జాగా తిరగడం! మలుపుల్లో ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం తిరగవు. బురదలో అయితే టైరు జారి సర్దుకుంటుంది, తారు మీద ఆ బిగువంతా గేర్ల మీద పడి లివరు ఇరుక్కుంటుంది. అప్పుడు రివర్సులో కొంచెం నడిపితే వదులుతుంది. సుత్తితో కొట్టినవాళ్ళను చూశాను.

విడిభాగాల బాధ వేరే. పార్వతీపురం వెళ్తే నంబరు ప్లేటు మీద రాయగడ వాళ్ళ ఓడీ 18 చూసి ఒరియా బండి అంటారు, రాయగడలో అడిగితే మీ ఆంధ్రాలో దొరకదా అంటారు. అందుకే ఒక జత ఆయిల్ సీళ్ళు, ఒక క్రాసు ఎప్పుడూ సీటు కింద పడి ఉంటాయి.

ఇంజను ఆయిల్ నేను 5,000 కిలోమీటర్లకు మారుస్తాను. మీరు అడిగింది అదే అనుకుంటాను.