హైదరాబాద్‌లో క్యాబ్ డ్రైవర్ల మీద రూల్స్ బిగిస్తే సర్వీసు బాగుపడుతుందా?

డ్రాప్ ఎక్కడ, క్యాషా ఆన్‌లైనా అని ఫోన్‌లో అడిగి క్యాన్సిల్ కొట్టే డ్రైవర్ల లైసెన్సులు రద్దు చేస్తే తిక్క కుదురుతుంది కదా అని అడిగారు. 2017 నుంచి నాలుగేళ్లు యాప్ క్యాబ్ నడుపుతూ నేనూ ప్యాసింజర్లను అలా అడిగినవాడినే. నల్లగొండ దగ్గరి ఊరి నుంచి వచ్చి, ఫైనాన్స్‌లో కారు తీసుకుని, ఎల్బీనగర్‌లో ఉండేవాణ్ని.

సాయంత్రం ఏడింటికి గచ్చిబౌలిలో బుకింగ్ పడుతుంది. పికప్ నాలుగు కిలోమీటర్లు. ఆ ట్రాఫిక్‌లో అరగంట. ఆ ఖాళీ తిరుగుడికి పైసా రాదు. తీరా ఎక్కించుకున్నాక డ్రాప్ కొల్లూరు అవతల అని తెలిస్తే, అక్కడి నుంచి మళ్లీ బుకింగ్ దొరకదు, ఎంప్టీగానే రావాలి. క్యాష్ ఎందుకంటారా? ఆన్‌లైన్ డబ్బు కమిషన్ కోసుకుని తర్వాతెప్పుడో పడేది. బంకువాడు అప్పటిదాకా ఆగడు కదా! ఇందులో మీ తప్పేం లేదు. అర్ధరాత్రి ఆడపిల్లను రోడ్డు మీద నిలబెట్టి క్యాన్సిల్ కొట్టినవాణ్ని నేనూ వెనకేసుకురాను.

రూల్స్ లేక కాదు. కారణం లేకుండా క్యాన్సిల్ చేస్తే ఛార్జీలో 10 శాతం, 100 రూపాయలు మించకుండా జరిమానా అని కేంద్రం 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే పెట్టింది. డ్రైవర్‌కైనా ప్యాసింజర్‌కైనా ఒకటే. నన్నడిగితే వాటిలో అసలైనది వేరే ఉండేది: రోజుకు 12 గంటలకు మించి లాగిన్‌లో ఉండకూడదు, ఆ తర్వాత 10 గంటలు విరామం.

ఎందుకంటే, 2018లో ఒకరోజు ఇన్సెంటివ్‌కి (ఇన్ని ట్రిప్పులు కొడితే యాప్ ఇచ్చే బోనస్) రెండే ట్రిప్పులు తక్కువ. పొద్దున ఐదింటికి బండెక్కినవాణ్ని, రాత్రి పదకొండుకి శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఒక పెద్దాయనను ఎక్కించుకున్నా. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద కన్ను మూతపడింది. బండి గోడకు రాసుకుంటూ పోయి సైడ్ అద్దం ఊడింది. ఆయన ఒక్క మాట అనలేదు. మెహదీపట్నంలో దిగి, చాయ్ తాగించి, 'ఇంటికి పోయి పండుకో బిడ్డా' అన్నాడు. ఆ ట్రిప్పుకి నాకు ఐదు స్టార్లు! రేటింగ్ చూసి డ్రైవర్ ఎలాంటివాడో చెప్పొచ్చనేవాళ్లకు ఇదే చెప్తుంటా. యాప్ ఒకటి ఆపేస్తే రెండోది ఆన్ చేసేవాళ్లం, కాబట్టి గంటల లెక్క అన్ని యాప్‌లకూ కలిపి చూడాలి.

ఇక లైసెన్సులు. మాకు ముందువాళ్లు బ్యాడ్జి (కిరాయి బండి నడపడానికి వేరే అనుమతి) కోసం ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లు. మామూలు కారు లైసెన్సు చాలని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, 2024 నవంబర్‌లో రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే ఖాయం చేసింది. బ్రోకర్ల ఖర్చు తప్పింది, మంచిదే. కానీ లండన్‌లో మినీక్యాబ్ (ముందే బుక్ చేసుకునే క్యాబ్) నడపాలంటే వేరే లైసెన్సు, మ్యాపు చూసి దారి చెప్పే పరీక్ష కూడా ఉన్నాయి. అలాంటిది ఇక్కడా పెడితే నాకేం అభ్యంతరం లేదు.

ఇప్పుడు ఒక ఐటీ కంపెనీకి స్టాఫ్ క్యాబ్ నడుపుతున్నా. నెలకింత అని జీతం, రాత్రి చివరి డ్రాప్ అమ్మాయిదైతే గార్డు తోడు. డ్రాప్ ఎక్కడ అని అడిగి ఏళ్లయింది.

ఒక్కటి మాత్రం చూసుకోండి: యాప్‌లో చూపించిన నంబర్ కాకుండా తెల్ల ప్లేటు కారు (కిరాయికి కాని సొంత బండి) వస్తే, ఎంత ఆలస్యమైనా సరే, ఎక్కొద్దు.