ఐటీఎస్ సీక్వెన్స్‌లో జంట శిఖరాలు: బ్రాసిలోనెమా నమూనాపై సమాధానం

బ్రెజిల్ అట్లాంటిక్ అడవిలో బ్రోమీలియాడ్ (అనాస కుటుంబపు మొక్క) ఆకుల మధ్య నిలిచిన నీటి నుంచి మీరు వేరుచేసిన, బ్రాసిలోనెమా అనే ప్రజాతిని పోలిన సయనోబాక్టీరియాకు (నీలి-ఆకుపచ్చ శైవలానికి) 16ఎస్ (జాతిని గుర్తించడానికి వాడే రైబోసోమల్ ఆర్ఎన్ఏ జన్యువు) సీక్వెన్స్ స్పష్టంగా వచ్చి, 16ఎస్, 23ఎస్ జన్యువుల మధ్య ఉండే డీఎన్ఏ భాగమైన ఐటీఎస్ దగ్గర మాత్రమే సీక్వెన్సింగ్ గ్రాఫ్ శిఖరాలు ఒకదానిపై ఒకటి పడుతున్నాయంటే, కల్చర్ కలుషితం కావడం కంటే ఒకే జీనోమ్‌లో పలు రైబోసోమల్ ఆపరాన్లు (ఈ జన్యువులు, వాటి మధ్య ఐటీఎస్ కలిసి ఉన్న ప్రతులు) ఉండటమే ఎక్కువ సంభావ్యమైన కారణం.

1. కల్చర్‌లో ఒకే రూపం ఉందని మైక్రోస్కోప్‌లో నిర్ధారించుకోండి.

2. పీసీఆర్ ఉత్పత్తిని (నకళ్లు తీసి పెంచిన డీఎన్ఏను) నేరుగా సీక్వెన్సింగ్‌కు పంపకుండా, ప్లాస్మిడ్‌లో (జన్యువును బాక్టీరియాలోకి మోసే డీఎన్ఏ వలయంలో) క్లోన్ చేసి, పలు బాక్టీరియా కాలనీలను విడివిడిగా చదివించండి.

3. ఎక్కువమంది వదిలేసే దశ ఇది. వచ్చిన ఐటీఎస్‌లను వాటి లోపల ఉండగల ఐసోల్యూసిన్, అలనిన్ టీఆర్‌ఎన్‌ఏ జన్యువులు రెండూ ఉన్నవి, ఒకటే ఉన్నవి, ఏదీ లేనివి అని విడదీసి, ఒక రకాన్ని బంధు జాతుల్లోని అదే రకంతో మాత్రమే పోల్చండి. రకాలు కలిస్తే, ఒకే జీవిలోని ఆపరాన్ల మధ్య తేడా రెండు జాతుల మధ్య తేడాగా కనిపిస్తుంది. దాని మీద పెట్టిన కొత్త పేరు నిలవదు. డీ1-డీ1′, బాక్స్-బీ అనే ఐటీఎస్ ఆర్ఎన్ఏ మడతలకూ ఇదే నియమం.

4. ఇలా పోల్చినప్పుడు తేడా 7 శాతం దాటితే కొత్త జాతి వాదనకు బలం వస్తుంది. 3 శాతం లోపైతే పేరు పెట్టవద్దని నా సలహా.

5. సయనోబాక్టీరియాకూ వర్తించే శైవలాలు, శిలీంధ్రాలు, మొక్కల నామకరణ నియమావళి ప్రకారం పెరుగుతున్న కల్చర్ హోలోటైప్ (కొత్త జాతి పేరుకు ఆధారంగా నిలిచే నమూనా) కాజాలదు కనుక, ఎండబెట్టిన లేదా ఫార్మాలిన్‌లో భద్రపరచిన నమూనాను హెర్బేరియంలో ఉంచండి.