టీనేజ్ క్రైమ్ నవలల్లో పిల్లలు ఇంట్లోంచి పారిపోవడం ఎందుకంత కామన్?

మెయిన్ రీజన్ పెద్దోళ్లని కథలోంచి తప్పించడమే. అమ్మానాన్న పక్కనే ఉంటే వాళ్లే ఏదో ఒకటి చేసి సర్దేస్తారు, ఇంక నవలేముంటుంది. మంచి ఎగ్జాంపుల్ 1967లో వచ్చిన ‘ది అవుట్‌సైడర్స్’, రాసిన ఎస్.ఇ. హింటన్ అది మొదలుపెట్టినప్పటికి ఆవిడకి 15 ఏళ్లే (ఆ వయసులో మనం టెన్త్ గైడ్లు బట్టీ కొడుతున్నాం). అందులో 14 ఏళ్ల పోనీబాయ్‌ని రాత్రిపూట పార్కులో వేరే గ్యాంగ్ కుర్రాళ్లు ఫౌంటెన్ నీళ్లలో ముంచేస్తుంటే ఫ్రెండ్ జానీ కత్తితో వాళ్లలో ఒకడ్ని పొడిచేస్తాడు, వాడు చచ్చిపోతాడు, ఇక ఇద్దరూ ఇంకో ఫ్రెండ్ ఇచ్చిన 50 డాలర్లు, తుపాకీ పట్టుకుని గూడ్స్ బండెక్కి ఊరికి దూరంగా పాడుబడ్డ చర్చిలో దాక్కుంటారు. ఇక్కడ పారిపోయినోళ్లే నేరం చేసినోళ్లు కూడా, కాబట్టి పోలీసుల దగ్గరకి వెళ్లే దారి కూడా లేదు, టెన్షనంతా అక్కడే పుడుతుంది.

నాకైతే ఆ చర్చిలో గడిపే రోజులే బాగా నచ్చాయి, ఛేజింగులు గట్రా ఏం ఉండవు, గుర్తుపడతారని జుట్టు కత్తిరించుకుంటారు, పోనీబాయ్‌దైతే రంగు కూడా మార్చేస్తారు, వాడికేమో ఆ జుట్టంటే ప్రాణం. ఇంక రోజూ అవే శాండ్‌విచ్‌లు తినడం, పేకాడుకోవడం, ఒకడు పుస్తకం చదువుతుంటే ఇంకోడు వినడం, అంతే.