రాసిచ్చేవాళ్ళకు డబ్బు కట్టకండి, మీ అమ్మాయి ప్రశ్న బాగుంది

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం. మా అమ్మాయి ఒడియా మీడియంలో చదివి ఇప్పుడు బి.ఎడ్ రెండో సంవత్సరంలో ఉంది. ఇంటర్న్‌షిప్‌తో పాటు చేయాల్సిన రీసెర్చ్‌కి ముందుగా ప్రపోజల్ ఇమ్మన్నారట. భువనేశ్వర్‌లో ఉండే మా మేనల్లుడు ఏఐ మీద చేస్తే పేరొస్తుందన్నాడు. తనేమో బడిలో ఆరో తరగతి పిల్లలు ఒడియా సరిగా చదవలేకపోవడం మీద చేస్తానంటోంది. అందులో రీసెర్చ్ ఏముంటుంది? బరంపురంలో ఒకాయన మొత్తం రాసిస్తానంటున్నాడు. మంచి ప్రపోజల్ పెట్టకపోతే ముందు ముందు ఎం.ఎడ్ సీటుకు ఇబ్బందా? రెండు టాపిక్కుల్లో ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: అయ్యా, ముందు సీటు సంగతి చెప్తాను, మీరు కాస్త కుదుటపడతారు. బి.ఎడ్‌లో పెట్టిన ప్రపోజల్ పేరు చూసి ఎవరూ ఎం.ఎడ్ సీటు ఇవ్వరు. మార్కులు చూస్తారు, ప్రవేశ పరీక్ష ఉన్నచోట అందులో ర్యాంకు చూస్తారు. టీచరు ఉద్యోగాల నియామకంలోనూ టాపిక్ ఏమిటని అడగరు. టెట్ గురించి అమ్మాయికి ఈపాటికి తెలిసే ఉంటుంది కాబట్టి ఆ జోలికి పోను. పీహెచ్‌డీ ఇంటర్వ్యూ దాకా వెళ్తే మాత్రం "నువ్వు ఇంతకుముందు ఏం పరిశోధన చేశావు?" అని తప్పకుండా అడుగుతారు. అక్కడ పనికొచ్చేది టాపిక్ పేరు కాదు, తాను చేసిన పనిని తడుముకోకుండా చెప్పగలగడం.

ఇక ఏఐ. ఆ సాంకేతికత మీద నాకు ఏ వ్యతిరేకతా లేదు. కానీ బి.ఎడ్ స్థాయిలో ఆ టాపిక్ ఎక్కడ తేలుతుందో చాలామంది విద్యార్థుల దగ్గర చూశాను. ఇంటర్న్‌షిప్‌కు ఇచ్చిన ఊరి బడిలో కంప్యూటర్ ఉన్నా అది హెడ్‌మాస్టర్ గదిలో రిపోర్టులు పంపడానికే సరిపోతుంది. అందుకని పిల్లల్ని పక్కన పెట్టి, తోటి బి.ఎడ్ విద్యార్థులకే ప్రశ్నావళి పంచుతారు. "బోధనకు ఏఐ ఉపయోగపడుతుందా?" అన్న ప్రశ్నకు ఎదురుగా "పూర్తిగా అంగీకరిస్తాను" నుంచి "అసలు అంగీకరించను" వరకు ఐదు గళ్ళు ఉంటాయి. స్నేహితులు హాస్టల్ గదిలో కూర్చుని టిక్కులు పెట్టేస్తారు. వాటికి టీ-టెస్ట్ (రెండు గుంపుల సగటుల మధ్య తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అని చూసే లెక్క) చేసి, అబ్బాయిల వైఖరికీ అమ్మాయిల వైఖరికీ గణనీయమైన తేడా లేదని రాస్తారు. ఇంతా చేస్తే, ఒక్క పిల్లవాడైనా ఏఐ వల్ల ఏమైనా నేర్చుకున్నాడా అన్నది తెలియనే తెలియదు. కొలిచింది పెద్దవాళ్ళ అభిప్రాయాన్ని, పిల్లల చదువును కాదు. ఆ బడి పిల్లలు నిజంగానే ఇంట్లో ఫోన్ పట్టుకుని ఏఐతో హోంవర్క్ చేసుకొస్తుంటే, అది అమ్మాయి కళ్ళతో చూసి ఉంటే, అప్పుడు అది మంచి ప్రశ్నే అయ్యేది. భువనేశ్వర్‌లో కూర్చున్న మేనల్లుడు చెప్పాడని పెట్టుకుంటే కాదు.

ఇప్పుడు మీ మీద కొంచెం కోప్పడతాను, ఏమీ అనుకోకండి. టాపిక్ మేనల్లుడు చెప్పాలి, రాసేది బరంపురం ఆయన, నన్ను అడిగేది మీరు. ఇందులో మీ అమ్మాయి చేసేది ఏముంది? రేపు ఒక క్లాసు పిల్లల ముందు ఒంటరిగా నిలబడాల్సిన మనిషి ఆమె. మీరు అడగకపోయినా తనంతట తాను ఒక ప్రశ్న పట్టుకొచ్చింది. ఎంతోమంది విద్యార్థులు టాపిక్ కోసం సీనియర్ల ఫైళ్ళు తిరగేసే చోట మీ అమ్మాయి బడిలోని పిల్లల్ని చూసి ప్రశ్న తెచ్చుకుంది. దాన్ని "అందులో ఏముంటుంది" అని తీసిపారేశారు.

ఏముంటుందో చెప్తాను. ఒడియాలో ఇంటిని "ఘర" అని రాసి "ఘొరొ" అని చదువుతారు. అక్షరంలో ఉన్న అకారం నోట్లో ఒకారంలా పలుకుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల దాన్ని "ఘర" అనే చదువుతుంది. టీచరు తప్పంటారు. ఆ పిల్లకు ఇల్లని అర్థమైందా లేదా? అర్థమయ్యే ఉండొచ్చు. డిక్టేషన్‌లో ఇంకో చిక్కు. తెలుగులో ఇ, ఈలు చెవికి వేరుగా వినిపిస్తాయి. ఒడియా రాతలో రెండూ ఉన్నా పలుకులో ఆ హ్రస్వదీర్ఘాల తేడా వినిపించదు. విన్నది విన్నట్టు రాసే తెలుగింటి పిల్ల అక్కడా దెబ్బ తింటుంది. ఇక అదే బెంచీ మీద ఇంట్లో సవర అనే గిరిజన భాష మాట్లాడే పిల్లవాడు ఉంటే, అతని ఇబ్బంది మళ్ళీ వేరు. అతనికి ఆ మాటే తెలియకపోవచ్చు. మార్కుల రిజిస్టర్‌లో మాత్రం ఇద్దరికీ పడేది ఒకటే మాట, "చదవలేరు" అని. పలకడంలో వచ్చే తప్పునూ అర్థం కాకపోవడాన్నీ విడదీసి లెక్కపెట్టడం, దేనికి ఏం చేస్తే తగ్గుతుందో ప్రయత్నించి చూడడం, ఇదే పరిశోధన. మీ ప్రాంతంలో పెరిగిన మనిషి చెవికి అందే తేడాలివి. కటక్ నుంచి వచ్చిన టీచరు ఎంత మంచివారైనా ఆయనకు ఇవి వెంటనే వినిపించవు.

మీకు దగ్గర్లోని పర్లాకిమిడిలో 1880లో గిడుగు రామమూర్తిగారు స్కూలు మాస్టారుగా చేరారు. చుట్టుపక్కల సవరలకు చదువు లేదని గమనించి, సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. తర్వాత పాఠాలు రాశారు, బడులు పెట్టారు, వ్యాకరణమూ నిఘంటువూ కూర్చారు. పిల్లలు ఇంట్లో ఏం మాట్లాడతారు అన్న ప్రశ్నే ఆయన్ను అంత దూరం తీసుకెళ్ళింది. అంత పని మీ అమ్మాయి చేయాలని నేననడం లేదు. ఆ ప్రశ్న చిన్నది కాదని మీకు తెలియాలి, అంతే.

రాయడం ఎలా అన్నది అమ్మాయికి చెప్తున్నాను, ఈ భాగం ఆమెకు చూపించండి.

అమ్మా, "గిరిజన ప్రాంత పిల్లల భాషా సమస్యలు" లాంటి పేరు పెట్టకు, అది మోయలేవు. నీ బడి, నీ క్లాసు, ఒక నైపుణ్యం చాలు. "ఇంట్లో తెలుగు మాట్లాడే ఆరో తరగతి పిల్లలు ఒడియా బిగ్గరగా చదివేటప్పుడు ఏ తప్పులు చేస్తున్నారు? రోజూ పావుగంట జంటలుగా చదివిస్తే ఆరు వారాల్లో అవి తగ్గుతాయా?" ఇంతే ఉండాలి. దీన్ని క్రియాత్మక పరిశోధన అంటారు. టీచరే తన తరగతి సమస్యను తానే పరిశీలించాలన్న ఈ పద్ధతిని 1953లో అమెరికాలో స్టీఫెన్ కోరీ గట్టిగా ప్రతిపాదించాడు. దీనికి వందల శాంపిల్ అక్కర్లేదు, పదిమంది పిల్లలున్నా సరిపోతుంది. ఫలితం ఈ క్లాసుకే వర్తిస్తుందని ప్రపోజల్‌లోనే రాసెయ్, అది పరువు తక్కువ కాదు. బి.ఎడ్ రెండో సంవత్సరంలో ఇంటర్న్‌షిప్ 16 వారాలు. మొదటి రెండు వారాలు ఊరికే వినడానికి పెట్టుకో. తర్వాత ప్రీ-టెస్ట్ (పని మొదలుపెట్టే ముందు పరీక్ష), ఆరు వారాల పని, పోస్ట్-టెస్ట్ (పని అయ్యాక పరీక్ష). ప్రీ-టెస్ట్‌లో ఇచ్చిన పేరానే మళ్ళీ ఇవ్వకు, పిల్లలకు కంఠస్థం అయిపోయి ఉంటుంది. అంతే కష్టమున్న ఇంకో పేరా తీసుకో. పండగ సెలవులు, పిల్లలు అమ్మానాన్నలతో పనులకు వెళ్ళిపోయే రోజులు ముందే లెక్కేసుకో, టైమ్‌టేబుల్ తలకిందులయ్యేది అక్కడే. పిల్లల గొంతు రికార్డు చేస్తే హెడ్‌మాస్టర్ అనుమతి, తల్లిదండ్రుల ఒప్పుకోలు ఉండాలి. రిపోర్టులో పేర్లు వద్దు. నేపథ్యంలో రెండు విషయాలు చాలు. 2020 జాతీయ విద్యా విధానం వీలైనచోటల్లా కనీసం ఐదో తరగతి వరకు మాతృభాషలో బోధించాలని చెప్పింది. గిరిజన పిల్లలకు ముందు వాళ్ళ మాతృభాషలో చదువు చెప్పే బహుభాషా విద్య ఒడిశాలో 2006-07లో మొదలైంది, అందులో సవర కూడా ఉంది. ఐదు దాటి ఆరులోకి వచ్చిన పిల్లల సంగతి ఏమిటి? నీ పరిశోధనకు చోటు అక్కడే. ముందు తెలుగులో రాసుకో, తర్వాత గైడ్ అడిగిన భాషలోకి మార్చు. చాట్‌బాట్‌తో మొత్తం రాయించకు, అది లేని వ్యాసాలను ఉన్నట్టు రిఫరెన్సుల్లో పెడుతుంది.

అయ్యా, మళ్ళీ మీతో. ఏ టాపిక్ మేలని అడిగారు గానీ, మీ అసలు భయం అది కాదనుకుంటాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లిష్ అయిన పిల్ల పెద్దవాళ్ళ ముందు తడబడుతుందేమోనని మీ బెంగ. సరిహద్దు జిల్లాల నుంచి రాసే తల్లిదండ్రులందరిలోనూ నాకు ఇదే కనిపిస్తుంది. తడబడితే తడబడనివ్వండి. తాను చేసిన పని గురించి తడబడుతూ చెప్పినా ఎగ్జామినర్‌కు అర్థమవుతుంది. బరంపురం ఆయన రాసిన యాభై పేజీల్లోంచి వైవాలో (మౌఖిక పరీక్షలో) "ఈ పేరా ఎందుకు ఎంచుకున్నావు?" అని ఒక్క ప్రశ్న వేస్తే మాత్రం అమ్మాయి దగ్గర జవాబు ఉండదు. అప్పుడు మార్కులే కాదు, నిజాయితీ కూడా ప్రశ్నలో పడుతుంది. ఆయనకు అడ్వాన్సు ఇచ్చి ఉంటే వదిలేసుకోండి, మిగతాది కట్టకండి. వీలైతే ఆ డబ్బుతో అమ్మాయికి ఒక మంచి ఒడియా నిఘంటువు కొనిపెట్టండి. మొదటి రెండు వారాలు పిల్లల్ని విన్నాక ఏం వినిపించిందో తననే నాకు రాయమనండి. ఈసారి మీరు రాయకండి.